మంగళవారం, నాలుగో లేన్

మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలంటే బౌలింగ్ సెంటర్‌లో ఈగలు తోలుకునే వేళ. అలాంటి వేళ నాలుగో లేన్‌లో ఎవరో పది నిమిషాల్లో మూడుసార్లు బంతిని తీసుకెళ్ళి ఇనుప కమ్మీకేసి కొట్టారు.

బౌలింగ్‌లో ఒక చిన్న పద్ధతుంది. లేన్ చివర నిలబెట్టిన సీసాల్లాంటి పిన్నులు పడ్డాక ఒక అడ్డకమ్మీ కిందికి దిగి, పడినవాటిని వెనక్కి ఊడ్చేస్తుంది. అది మళ్ళీ పైకి లేచేదాకా రెండో బంతి వేయకూడదు. వేస్తే మిషన్ నడుం విరుగుతుంది. మిషన్ వెనకుండే మెకానిక్ నడుం అంతకన్నా ముందే విరుగుతుంది.

ఆ మెకానిక్‌కి ముప్ఫై ఒకటో ఏడు. పదకొండేళ్ళుగా పన్నెండు మిషన్ల వెనక, బెల్టుల మధ్య, గ్రీజు వాసనలో బతుకుతున్నాడు. మూడోసారి మిషన్ అదిరేసరికి చేతిలో స్పానర్‌తోనే ముందుకొచ్చేశాడు.

నాలుగో లేన్‌లో ఒక్కతే అమ్మాయి. మెడలో ఆఫీసు కార్డు తీయడం మరిచిపోయింది. జుట్టు మీద హెడ్‌సెట్ నొక్కిన గీత ఇంకా పోలేదు. నాలుగో బంతి రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉంది.

"ఏమండీ, కమ్మీ దిగి ఉన్నప్పుడు బంతి వేయకూడదండీ."

"అలాగని ఎక్కడా రాయలేదే."

"రాశాం. మీ తల మీదే ఉంది బోర్డు."

ఆమె తలెత్తి చూసింది. ఉంది. ఎర్రటి అక్షరాల్లో, మూరెడు పొడవున.

"తల మీద పెడితే ఎవరికి కనిపిస్తుందండీ? నుదుటి రాత కూడా అక్కడే ఉంటుంది. ఎవరైనా చదువుకున్నారా?"

అతను చీవాట్లు పెడదామని వచ్చాడు. తీరా వచ్చాక ఆమెతో పాటు తానూ బోర్డుకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఆ చేతిలో ఏంటి? నన్ను కొట్టడానికా?"

"మిషన్ బాగు చేయడానికండీ."

"అయితే వెళ్ళి చేసుకోండి. నాకింకా నలభై నిమిషాలుంది. కూపన్."

"కూపనా?"

"మా ఆఫీసులో పోయిన నెల ఏడుగురు బాత్రూముల్లో ఏడుస్తూ దొరికారు. అందుకని మనసు తేలికపడటానికి అందరికీ కూపన్లిచ్చారు. ఈత, యోగా, మట్టి బొమ్మలు, బౌలింగ్. ఇందులో ఏది ఎక్కువ చప్పుడు చేస్తుందో అదివ్వండి అన్నాను."

"ఆ ఏడుగురిలో మీరున్నారా?"

"లేను. నేను మెట్ల మీద ఏడుస్తాను. మా బిల్డింగ్‌లో లిఫ్టుంది, మెట్లెవరూ ఎక్కరు."

ఆమె అది నవ్వుతూనే చెప్పింది. అతనూ నవ్వాడు. నవ్వాక, ఇందులో నవ్వడానికేముందా అనిపించింది.

ఆమెది ఒక పెద్ద కంపెనీ కంప్లైంట్ సెంటర్. ఫ్రిజ్‌లు చల్లబడటం లేదని, వాషింగ్ మిషన్లు తిరగడం లేదని జనం ఫోన్లు చేస్తారు. రోజుకి తొంభై. అందులో అరవై మంది తిడతారు. తిరిగి ఒక్క మాట అనకూడదు, ఫోను ముందుగా పెట్టేయకూడదు. "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం సార్" అని మాత్రమే అనాలి.

"నిజంగా చింతిస్తారా?" అనడిగాడు అతను.

"మొదటి ఏడాది చింతించాను," అంది ఆమె.

ఆమె చేతిలో ఆరు వారాల కూపనుంది. ప్రతి మంగళవారం ఒక గంట.

ఇక్కడ మెకానిక్ సంగతొకటి చెప్పాలి. అది అతను ఏడాదిగా ఎవరికీ చెప్పనిది. అతనికి చెవులు పోతున్నాయి.

పదకొండేళ్ళ మిషన్ల హోరు. చెవులకి పెట్టుకోమని మూతలిచ్చారు గానీ, పెట్టుకుంటే బెల్టు జారేది తెలియదని అతను వాటిని డబ్బాలోనే ఉంచేశాడు. ఏ బేరింగ్ అరిగిందో చప్పుడు విని చెప్పగలనని అతనికో గర్వం. ఆ గర్వమే ముందు కుడిచెవిని తినేసింది. ఇప్పుడు ఎడమచెవి మీద పడింది. మిషన్ నలతగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఈమధ్య దాని డొక్క మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు, జ్వరం చూసినట్టు.

ఇంట్లో అక్క, బావ. పిలిస్తే పలకడం లేదని అక్కకి కోపం. "వీడికి ఈమధ్య పొగరెక్కువైంది" అని బావతో అంటుంది. భోజనాల దగ్గర బావ ఒకరోజు, "ఆ ఉప్పు ఇటు అందుకో" అన్నాడు. "నీ చెప్పు గుమ్మం దగ్గరే ఉంది బావా" అన్నాడితను. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని అక్క కంచం ముందునుంచి లేచిపోయింది. అతను ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, తానూ నవ్వి ఊరుకున్నాడు.

చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. మిషన్ల దగ్గరికి రానివ్వరు. అతనికి ఇంకో పని రాదు. అందుకని పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాడు. అందకపోతే "అవునవును" అనేవాడు. అదీ నప్పకపోతే చిరునవ్వు. "వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అనే మాట మాత్రం నోటిదాకా రానిచ్చేవాడు కాదు.

రెండో మంగళవారం ఆమె వచ్చేసరికి అతను చొక్కా మార్చుకుని, గోళ్ళలో గ్రీజు గీకేసుకుని నాలుగో లేన్ తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"మళ్ళీ బంతి కమ్మీకి కొడతానని కాపలానా?"

"వేయడం నేర్పిద్దామని."

"అది కూపన్లో లేదే."

"మిషన్ బాగు చేసే బాధ తప్పుతుందని."

ఆమె బంతి వేస్తే అది పక్క కాలువలోకి పోయేది. వేలెలా పెట్టాలో చూపించాడు, మణికట్టు తిప్పొద్దన్నాడు, పిన్నుల్ని కాదు నేల మీది బాణం గుర్తు చూడమన్నాడు. అయినా కాలువలోకే పోయేది. ఎప్పుడూ ఆమెకి కుడిపక్కనే నిలబడేవాడు, తన ఎడమచెవి ఆమెవైపు ఉండేట్టు.

"మీరెందుకు ఎప్పుడూ నాకు కుడివైపే ఉంటారు?" అనడిగిందొకసారి.

"అటు బంతులొచ్చే మిషన్ ఉందండీ. కాలికి తగులుతుంది."

"ఎవరి కాలికి? మీకా, నాకా?"

"అవునవును," అన్నాడు. ఆమె పకపకా నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియలేదు గానీ, ఆ నవ్వు మాత్రం అతని ఎడమచెవికి బాగా అందింది. ఆ వారమంతా దాన్నే తలుచుకున్నాడు.

మాట పట్టుకోవాలంటే ఆమె మొహంలోకి చూడాలి. కన్నార్పకుండా చూసేవాడు. మూడో మంగళవారం ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, "ఏంటలా చూస్తారు?" అంది.

"ఎలా?"

"ఫోన్లో తొంభై మంది నాతో మాట్లాడతారు. నేను మాట్లాడితే వినేవాళ్ళు లేరు. మా రూమ్మేట్ కూడా ఫోను చూసుకుంటూ ఊఁ కొడుతుంది. మీరొక్కరే ఇలా... మాట కింద పడకుండా వింటారు."

ఆ మాటలన్నీ అతనికి అందాయి. అందకపోయినా బాగుండేది. ఇంటికి నడుస్తూ ఆలోచించాడు. ఈ అమ్మాయికి నాలో ఏది నచ్చిందో, నా దగ్గర లేనిది సరిగ్గా అదే. చెప్పేస్తే ఆ కళ్ళలో వెలుగు ఆరిపోతుంది. చెప్పకపోతే దొంగని. రెండు మూడు వీధులు నడిచేసరికి దొంగగానే ఉండిపోదామని తేల్చుకున్నాడు.

నాలుగో మంగళవారం వాన. తడిసిన గొడుగు కుర్చీకి తగిలించి, ఆమె బంతి ముట్టుకోకుండా కూర్చుండిపోయింది. చాలాసేపు లేన్ చివరకి చూస్తూ ఏదో చెప్పింది. మొహం పక్కకుంది. పైగా ఆరో లేన్‌లో ఒక ఆఫీసు గుంపు గోల. అతనికి ముక్కలు ముక్కలుగా అందింది. నాన్న. ఫోను. పదకొండు సార్లు చేశాడు.

రోజుకి పదకొండుసార్లు కూతురికి ఫోన్ చేసే తండ్రి. ఎంత ముద్దు కాబోలు అనుకున్నాడు. ఆమె చెప్పడం అయిపోయిందని భుజాలు చూసి గ్రహించి, నవ్వుతూ అన్నాడు.

"అదృష్టవంతులండీ మీరు."

ఆమె ఒక్కసారిగా ఇటు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. అతను హడలిపోయాడు. అయితే ఆమె మెల్లగా తలూపి, "ఈ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు" అంది. పోతూ పోతూ అతని చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలింది. ఆ రోజు ఒక్క బంతీ వేయలేదు.

ఆరో మంగళవారం కూపన్ ఆఖరు. ఆ రోజు చూసి అయిదో లేన్‌లో ఎవరిదో పుట్టినరోజు. పాతికమంది పిల్లలు, బెలూన్లు, అరుపులు. నిలబడటానికి చోటు లేక అతను ఆమెకి ఎడమవైపు ఉండిపోయాడు. పనికిరాని చెవి ఆమెవైపు.

గంట అయిపోయింది. ఆమె బెంచీ మీద కూర్చుని, వంగి, ఆట కోసం తీసుకున్న అద్దె బూట్ల లేసులు విప్పుకుంటోంది. జుట్టు మొహాన్ని కప్పేసింది. భుజాలు కొంచెం కదిలాయి. ఏదో అంటోంది. లేసు ముడి విప్పడానికి పట్టే సమయం కన్నా ఎక్కువసేపే వంగి ఉంది.

తర్వాత తలెత్తి అతనివైపు చూసింది. జవాబు కావాలి. ఆఖరి రోజు ఎవరైనా ఏమంటారు? చాలా బాగుంది, మళ్ళీ తప్పకుండా వస్తాను అంటారు. పదకొండేళ్ళలో ఎంతమంది అనలేదు.

"అందరూ అలాగే అంటారు లెండి," అన్నాడు, నవ్వుతూ.

ఆమె మొహంలో రక్తం చుక్క లేదు. బూట్లు రెండూ జతగా పెట్టి, కౌంటర్ మీద ఉంచి, ఆఫీసు కార్డు సర్దుకుని వెళ్ళిపోయింది. తలుపు దాటేదాకా వెనక్కి చూడలేదు.

తానేదో పెద్దది పోగొట్టుకున్నానని అతనికి అర్థమైంది. అదేంటో అర్థం కాలేదు. పరిగెత్తి అడగొచ్చు. అడగాలంటే చెవుల సంగతి చెప్పాలి. గ్రీజు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డాడు.

ఏడో మంగళవారం ఆమె రాలేదు. ఎనిమిదోదీ అంతే. అయినా మూడింటికల్లా ముందుకొచ్చి నాలుగో లేన్ తుడిచి పోయేవాడు.

ఆ ఎనిమిదో మంగళవారమే అది జరిగింది. తొమ్మిదో మిషన్ ఇరుక్కుపోతే ఆపి, పిన్ను తీశాడు. మళ్ళీ నడిపిద్దామని స్విచ్ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఊడ్చే పెద్దావిడ ఒకామె ఉంది, అతనికన్నా ముందునుంచి పనిచేస్తోంది. మిషన్ ఆగింది కదా అని కింద పడిన గుడ్డ కోసం చెయ్యి లోపల పెట్టింది. అతను తిరిగి చూశాడు. మిషన్ చాటునుంచి ఆమె మొహమొక్కటే కనిపిస్తోంది, నోరు కదులుతోంది. టీ తాగావా అని రోజూ అడుగుతుంది. అలవాటుగా తలూపి స్విచ్ వేశాడు.

ఆమె అరుపు ముందుహాల్లో ఉన్న మేనేజర్‌కి వినపడింది. పక్కనున్న అతనికి వినపడలేదు. డొక్క మీద ఆనించిన అరచేతికి బెల్టు తేడాగా కొట్టుకోవడం తెలిసి ఆపేశాడు. అప్పటికే మణికట్టు రెండుచోట్ల విరిగింది.

ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. ఆశ్చర్యపోతున్నట్టు అడిగింది.

"నేను ఆగమని అరిచాను కదా బాబూ. నువ్వు నా మొహంలోకి చూసి తలూపావు కూడా."

ఆ మాట మాత్రం ప్రతి అక్షరం వినపడింది. అక్కణ్ణుంచి నేరుగా వెళ్ళి మేనేజర్‌కి అంతా చెప్పేశాడు.

పరీక్షలు చేయించారు. కుడిచెవి సున్నా. ఎడమచెవి సగానికి తక్కువ, ఇంకా దిగుతుంది. చెవికి వినికిడి మిషన్ పెడితే కొంత మేలు. డాక్టర్ చాలా వివరంగా చెప్పాడు. అతను "అవునవును" అంటూ కూర్చున్నాడు. బయటికొచ్చేటప్పుడు నర్సు ఒక కాగితం చేతిలో పెట్టింది. మానసిక ఒత్తిడి తగ్గించుకునే మార్గాలు. మంచి సంగీతం వినండి. స్నేహితులతో కబుర్లు చెప్పండి. బౌలింగ్ వంటి సరదా ఆటలు ఆడండి.

మెట్ల మీద నిలబడి అది రెండుసార్లు చదివాడు. నవ్వొస్తుందేమోనని చూశాడు. రాలేదు.

మేనేజర్ మంచివాడే. పనిలోంచి తీసేయలేదు. ముందుహాల్లో బూట్ల కౌంటర్ ఇచ్చాడు. వచ్చినవాళ్ళకి సైజు చూసి బూట్లివ్వాలి, తిరిగిచ్చాక లోపల మందు కొట్టి అరలో పెట్టాలి. అంతే పని. కానీ ఆ హోరులో "ఆరు" అన్నా "ఏడు" అన్నా అతనికి ఒకటే. ఆరడిగితే ఏడిచ్చేవాడు. చీటీ మీద రాయమంటే, నోటితో చెబితే పనికిరాదా అని కొందరు విసుక్కునేవాళ్ళు. వెనక మిషన్లు ఎలా నడుస్తున్నాయో ఇక తెలియదు. అక్కడికి కొత్త మెకానిక్ వచ్చాడు, చెవులకి మూతలు పెట్టుకుని.

అరచెయ్యి మాత్రం కౌంటర్ చెక్క మీద ఆనించుకునే ఉండేవాడు. చెక్కకేమీ తెలియదు.

తిండి తగ్గింది. మాట అసలుకే పోయింది. ఒక ఆదివారం గోడకి తిరిగి పడుకుని ఉంటే అక్క వచ్చి దుప్పటి లాగింది.

"నీకేం రోగం రా? పది పిలుపులు పిలిచాను."

అతను లేచి కూర్చుని, డాక్టరిచ్చిన కాగితాలు దిండు కిందనుంచి తీసి ఇచ్చాడు. అక్క నిలబడే చదవడం మొదలుపెట్టింది. సగంలో మంచం మీద కూర్చుంది. కాగితం మడిచి, చాలాసేపు ఆ మడత మీద గోరుతో గీస్తూ ఉండిపోయింది.

"పొగరన్నాను," అంది చివరికి. "ఊళ్ళో అందరికీ చెప్పాను, మా తమ్ముడికి పొగరని."

"పొగరే కదక్కా. లేకపోతే ముందే చెప్పేవాణ్ణి."

అక్క అతని ఎదురుగా జరిగి కూర్చుంది. గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది.

"ఇంకా ఏమైనా దాచావా?"

అప్పుడు నాలుగో లేన్ సంగతంతా చెప్పాడు. అద్దె బూట్ల దాకా.

"పేరు తెలుసు, ఆఫీసు తెలుసు. వెళ్ళి అడగొచ్చుగా?"

"అడిగి ఏం చేయాలక్కా? ఆమెకి వినేవాడు కావాలి. నా దగ్గర అదే లేదు."

"అది ఆమె తేల్చుకుంటుంది. నువ్వెవడివి ఆమె తరఫున తేల్చడానికి?" అని అక్క లేచి ఫోనందుకుంది. "మన ఫ్రిజ్ కూడా ఆ కంపెనీదే. నంబరు దాని మీదే ఉంటుంది."

మొదటిసారి చేస్తే ఎవరో మగగొంతు. ఫ్రిజ్ తలుపు పడటం లేదని ఒక కంప్లైంట్ రాయించి పెట్టేసింది. రెండోసారి ఇంకెవరో. లోపల లైటు వెలగడం లేదంది. మూడోసారి ఒక ఆడపిల్ల ఎత్తింది. అక్కకి ఓపిక నశించి అసలు సంగతే చెప్పేసింది. బౌలింగ్ సెంటర్, మా తమ్ముడు, మంగళవారాలు.

ఎత్తిన పిల్ల సరిగ్గా ఆమె పక్క సీట్లో కూర్చునేదే.

"పెళ్ళి చేసుకుందామా అని అడిగితే 'అందరూ అలాగే అంటారు లెండి' అన్న మహానుభావుడు మీ తమ్ముడేనాండీ?"

అక్క ఫోను గుండెకి ఆనించుకుని, ఆ మాట తమ్ముడికి విడదీసి చెప్పింది. అతను గోడకి జారగిలబడిపోయాడు.

"వాడేనమ్మా," అంది అక్క ఫోన్లో. "ఆ పిల్లకివ్వు. వాడికి వినపడలేదని చెప్పు. వద్దు, ఏం చెప్పకు. వాడే చెబుతాడు."

ఫోన్లో మాట అతనికి తుమ్మెద రొదలా తప్ప వినపడదు. అందుకని అక్క స్పీకర్ పెట్టి, ఫోను అతని నోటి ముందు పట్టుకుని, సరుకుల చీటీ వెనకవైపు పెన్నుతో సిద్ధంగా కూర్చుంది. రాసింది.

"నమస్కారం, మీ సమస్య చెప్పండి సార్ అంటోంది."

అతను ఫోను మీదికి వంగాడు.

"నేనండీ, మెకానిక్‌ని. ఇప్పుడు మెకానిక్‌ని కాను, బూట్ల దగ్గరున్నాను. ఆ రోజు మీరేమన్నారో నాకు వినపడలేదు. ఆ ఒక్కరోజే కాదు. నాకు కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది పోతోంది. మీరిప్పుడేం చెప్పినా వినపడదు. మా అక్క రాసి చూపిస్తోంది. నేను మిమ్మల్ని మోసం చేశాను. మీ మొహం చూసింది శ్రద్ధతో కాదు, పెదాలు చదవడానికి. మొదట్లో దానికే. తర్వాత్తర్వాత దానికి కాదు. అంతేనండీ. ఇది చెప్పకుండా ఉండిపోతే, ఇంకెవరికీ తలూపలేను."

అక్క రాసింది. "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం సార్ అంటోంది."

తర్వాత, "ఏం మాట్లాడటం లేదు."

తర్వాత, "ముక్కు చీదుతోంది."

చాలాసేపటికి, "రేపు నాలుగింటికి, మా ఆఫీసు ఎదుట బస్టాప్." దాని కింద తన సొంతంగా, "గొంతు బాగుంది."

మర్నాడు మూడింటికే వెళ్ళి నిలబడ్డాడు. నాలుగు దాటాక ఆమె రోడ్డు దాటి వచ్చింది. బక్కచిక్కింది. వచ్చి నేరుగా అతని ఎదుట నిలబడింది. కోపంగా ఉంది. ఆ కోపం చదవడానికి పెదాలతో పని లేదు.

"ఎంత వినపడేది?"

"సగం. మిగతాది ఊహించుకునేవాణ్ణి."

"మా నాన్న సంగతి?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. రాత్రంతా దీని గురించే భయపడ్డాడు.

"నాన్న, ఫోను, పదకొండుసార్లు. అంతే వినపడింది. రోజూ అన్నిసార్లు చేస్తారేమో అనుకున్నాను."

ఆమె బస్టాప్ బెంచీ మీద కూలబడింది.

"అందరూ బాధపడకు, బాధపడకు అన్నారు. మీరొక్కరే అదృష్టవంతురాలినన్నారు. ఆఖరి గంటలో ఆయనకి నేనే గుర్తొచ్చాను కదా, అది అదృష్టమే కదా అని... ఆ ఒక్క మాట పట్టుకుని రెండు నెలలుగా నిద్రపోతున్నాను. అది కూడా అబద్ధమేనా?"

అతను మోకాళ్ళ మీద ఆమె ఎదుట కూర్చున్నాడు. దారినపోయేవాళ్ళు చూస్తున్నారు.

"వినపడలేదండీ. మళ్ళీ చెప్పండి. మొదట్నుంచి."

ఆ మాట అనడం ఇంత తేలికని అతనికి తెలియదు.

ఆమె చెప్పింది. ఒక బస్సు వచ్చింది, పోయింది. షిఫ్టులో సొంత ఫోను లాకర్లో పెట్టేయాలి. నాన్న పోయిన రోజు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. గుండెల్లో నొప్పి. కూతురికి పదకొండుసార్లు చేశాడు. అదే గంటలో ఆమె పధ్నాలుగు మంది కంప్లైంట్లు వింది. బ్రేక్‌లో లాకర్ తీసి చూసుకునేసరికి ఫోను మోగడం ఆగిపోయి ఇరవై నిమిషాలైంది. మధ్యలో రెండుచోట్ల ఆమె మొహం దించుకుంటే, "వినపడలేదు" అన్నాడు. ఆమె తలెత్తి మళ్ళీ చెప్పింది.

"ఇప్పుడు విన్నారుగా," అంది చివర్న. "ఇప్పుడేమంటారు?"

ఊరట మాట ఒక్కటీ దొరకలేదు.

"ఫోను మీ చేతిలో ఉండి ఉంటే బాగుండేదండీ," అన్నాడు.

ఆమె అతని భుజం మీద తలపెట్టి ఏడ్చింది. మెట్ల మీద ఏడ్చే ఏడుపు కాదు, నడిరోడ్డు మీద, శబ్దంతో. అది అతనికి వినపడింది. ఇంకో రెండు బస్సులు పోయాయి.

కళ్ళు తుడుచుకున్నాక ఆమె అడిగిన మొదటి మాట ఇది. "డాక్టరేం చెప్పాడు?"

"ఏదో చెప్పాడు. అవునవును అని వచ్చేశాను."

"అనుకున్నాను. పదండి, నేనడుగుతాను."

ఆ శుక్రవారం ముగ్గురూ వెళ్ళారు. అక్క కింద మెట్ల దగ్గర ఆగిపోయింది, తనకి ధైర్యం చాలదని. గదిలో డాక్టర్ చెప్పినంతసేపూ ఆమె మధ్యలో ఆపి ప్రశ్నలు వేసింది. తర్వాత కుర్చీ అతనివైపు తిప్పుకుంది. గొంతు తగ్గించకుండా, మాట మార్చకుండా చెప్పింది.

"ఎడమచెవికి మిషన్ పెడితే నాలుగేళ్ళు. అయిదంటే ఎక్కువ. తర్వాత అదీ ఉండదు. చేతులతో మాట్లాడే భాష నేర్పే చోటుందట. ఇద్దరం ఇప్పట్నుంచే నేర్చుకోవాలట."

"ఇద్దరం అని డాక్టరన్నాడా?"

"నేనన్నాను."

అతను తన అరచేతులకేసి చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు ఎప్పుడో పోయింది. భయం పోలేదు. నాలుగేళ్ళంటే ఎంతో లెక్క కట్టబోయి మానేశాడు.

కిందికి దిగుతుంటే అక్క ఎదురొచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"నాలుగేళ్ళటక్కా," అన్నాడు అతను.

అక్క కళ్ళు ఒత్తుకుని, ఆ అమ్మాయిని తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసి అంది, "నాలుగేళ్ళెందుకురా? పెళ్ళికి నాలుగు నెలలు చాలు."

"ఏంటక్కా? వినపడలేదు."

అక్క ఈసారి గొంతెత్తి చెప్పింది. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, మందుల సంచులు పట్టుకున్నవాళ్ళు, అందరూ ఆగి చూశారు. ఆ అమ్మాయి సిగ్గుతో గోడవైపు తిరిగిపోయింది.

నిజానికి అతనికి మొదటిసారే వినపడింది.